సెలవు చీటీలో రాయని జబ్బు

సిద్దిపేటలో ఏ ఆఫీసు బీరువా తెరిచినా సెలవు చీటీల కట్ట ఒకటి ఉంటుంది. అందులో జ్వరాలుంటాయి, నడుం నొప్పులుంటాయి, మేనమామ దశదినకర్మలుంటాయి. ఒకే మనిషికి ఏడాదిలో మూడుసార్లు టైఫాయిడ్ వచ్చిపోయిన దాఖలాలూ ఉంటాయి. డిప్రెషన్ మాత్రం ఉండదు. రెండు నెలలుగా నిద్ర పట్టని టీచరమ్మ ‘వైరల్ ఫీవర్’ అని రాస్తుంది. ఎవరూ లేకున్నా చెవిలో మాటలు వినబడే జూనియర్ అసిస్టెంటు ‘అనారోగ్య కారణముల వలన’ అని రాసి ఊరుకుంటాడు. చీటీ అందుకునే పెద్దసారుకు సంగతి ఎంతో కొంత తెలిసే ఉంటుంది. తెలియనట్టు సంతకం పెట్టేయడం ఇద్దరికీ సుఖం.

ఆ సుఖం ఖరీదెంతో ఓసారి చూడాలి. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా వైద్యం అందనివాళ్లే. తెలంగాణ ఆ పన్నెండులో లేదు. అయినా మన కలెక్టరేట్లో, మన డిపోలో, మన బడుల్లో ఈ లెక్క పూర్తిగా వేరుగా ఉంటుందని అనుకోవడానికి కారణమేమీ కనబడదు. వంద మంది పనిచేసే చోట పది మంది అనుకుందాం. ఆ పది మందీ పనికి వస్తూనే ఉన్నారు. కొందరు బాగా చేస్తున్నారు, కొందరు ఈడుస్తున్నారు, కొందరి మీద మెమోల మీద మెమోలు పడుతున్నాయి.

ఈ కథనం చెప్పదలిచింది ఒక్కటే. వాళ్లను నిలబెట్టడానికి జబ్బు పేరు తెలియాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. ఏం మారిస్తే పని సాగుతుందో తెలిస్తే సరిపోతుంది. మన ఆఫీసులు మొదటిది ఆరా తీస్తాయి, రెండోది అడగవు.

మెదక్‌లో మొదలైన కథ

చాలామందికి గుర్తులేని సంగతి ఒకటుంది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. పిచ్చాసుపత్రికి తోలేయడం కాకుండా ఊరి పక్క ఆరోగ్య కేంద్రంలోనే మందులివ్వొచ్చని కర్ణాటకలోని బళ్లారిలో నిమ్హాన్స్ చేసి చూపించింది. ఆ నమూనాతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని దేశంలో నాలుగంటే నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంచుకున్నది మెదక్. అప్పటికి సిద్దిపేట ఆ జిల్లాలోని పట్టణమే. వేరే జిల్లా అయింది 2016 అక్టోబరు 11న. అంటే మతి చెడితే మందుంటుందన్న మాటను సర్కారు మొట్టమొదట గడప దాకా తెచ్చిన ప్రాంతాల్లో మనదొకటి. బాణామతి పేరు చెప్పి మనుషుల్ని కొట్టి చంపిన ఉదంతాలు పేపర్లకెక్కిన ప్రాంతమూ ఇదే. రెండూ ఒకే నేల మీద, దాదాపు ఒకే కాలంలో.

ఇప్పుడు సిద్దిపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. 2018 నుంచి నడుస్తోంది. మానసిక వైద్యం కోసం హైదరాబాద్ పోవాల్సిన పని తగ్గింది. అయినా పోతారు. జేబీఎస్ బస్సెక్కి, రాజీవ్ రహదారి మీద వంద కిలోమీటర్లు పోయి, డాక్టరును చూసుకుని సాయంత్రానికి తిరిగొస్తారు. 2023 అక్టోబరులో రైలు కూడా వచ్చింది. ఎందుకింత దూరం అంటే, ఇక్కడి ఓపీ వరసలో నిలబడితే వెనకాల నిలబడ్డవాడు పక్కింటి వాడై ఉంటాడు, లేదంటే తోటి టీచరు మరదలై ఉంటుంది. పెద్ద నగరంలో జబ్బు దాచుకోవడం సులువు. చిన్న పట్నంలో దాచుకోవాలంటే బస్సు చార్జీలు పెట్టుకోవాలి, ఒక రోజు సెలవు పెట్టుకోవాలి. ఆ సెలవుకు మళ్లీ ఒక జ్వరం రాయాలి.

దాచుకోవడానికి కారణం కనబడుతూనే ఉంటుంది. స్టాఫ్ రూములో ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే ‘ఏందన్నా, ఎర్రగడ్డకు తోలాల్నా?’ అని నవ్వులాట. అన్నవాడికి అది జోకు. ఆ గదిలోనే, ఆ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి మాత్రలే పొద్దున వేసుకొచ్చిన మనిషి ఒకరు కూర్చుని ఉండొచ్చు. వాళ్లూ నవ్వుతారు. నవ్వకపోతే అనుమానం వస్తుంది.

ఐదింటి బస్సు, రాత్రి మాత్ర

జాలి, సానుభూతి, ధైర్యం చెప్పడం... ఇవన్నీ అలా ఉంచి, ఒక డ్యూటీ చార్టు ముందేసుకుందాం. ఒక మహిళా కండక్టరును ఊహించుకోండి. పల్లెవెలుగు బస్సు. ఆమెకు బైపోలార్ జబ్బు, అంటే కొన్నాళ్లు మనసు అదుపు తప్పి ఉరకలెత్తడం, కొన్నాళ్లు పూర్తిగా కుంగిపోవడం. మూడేళ్లుగా మందులు వాడుతోంది. మందులతో చక్కగా ఉంది. అవేమిటంటే లిథియం, దానితో పాటు రాత్రి పడుకునే ముందు మత్తు కలిగించే మాత్ర ఇంకొకటి.

ఆమెకు మొదటి సర్వీసు పడింది. తెల్లవారి ఐదింటికి బస్సు కదలాలి. అంటే మూడింటికి లేవాలి, పిల్లలకు వండి పెట్టాలి, డిపోకు చేరాలి. రాత్రి పదింటికి వేసుకున్న మాత్ర మత్తు మూడింటికి దిగదు. కళ్లు తెరిచి ఉన్నా బుర్ర మబ్బుగా ఉంటుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం వచ్చాక బస్సులో కాలు పెట్టే సందుండదు. జీరో టికెట్లు కొట్టాలి, మగవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోవాలి, చిల్లర లెక్క చూసుకోవాలి. ఎక్కడో లెక్క తప్పుతుంది. తగ్గిన సొమ్ము తన చేతినుంచే కట్టాలి. ఇలా నాలుగు రోజులు జరిగాక ఆమె చేసే మొదటి పని రాత్రి మాత్ర మానేయడం. మాత్ర మానేస్తే నిద్ర తగ్గుతుంది. ఈ జబ్బులో నిద్ర తగ్గడమంటే మళ్లీ జబ్బుకు తలుపు తీయడమే. మొదట్లో హుషారు పెరుగుతుంది, డబుల్ డ్యూటీలకు కూడా సై అంటుంది, పైవాళ్లు శభాష్ అంటారు. మూడో వారానికి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. లిథియం వాడేవాళ్లకు దాహం ఎక్కువ, మూత్రానికి పోవాల్సిన అవసరం ఎక్కువ. నీళ్లు తగ్గితే రక్తంలో మందు పాళ్లు పెరిగి చేతులు వణకడం, వాంతులు, నడక తూలడం మొదలవుతాయి. విషమించిందంటే ప్రాణం మీదికి వస్తుంది. మన దారుల్లో ఆడవాళ్లకు పనికొచ్చే మరుగుదొడ్డి ఎక్కడుంది? అందుకే మహిళా కండక్టర్లలో చాలామంది డ్యూటీలో ఉన్నంతసేపూ గొంతు తడుపుకోవడమే తప్ప నీళ్లు తాగరు. మే నెల ఎండ, ఇనుప బస్సు, తాగని నీళ్లు, లోపల లిథియం. దీనికి తోడు కాళ్ల నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకుంటే, ఆ నొప్పి మాత్ర కూడా లిథియం పాళ్లను పెంచుతుంది. ఈ విషయం ఆమెకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.

ఇప్పుడు ఈమెకు కావలసిందేమిటి? పొద్దున తొమ్మిది, పది తర్వాత మొదలయ్యే డ్యూటీ. డబుల్ డ్యూటీలు వద్దు. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య బస్ స్టేషన్‌లో పది నిమిషాలు. మూణ్నెల్లకోసారి రక్త పరీక్షకు ఒక పూట. ఇంతే. ఇందులో ఏ ఒక్కదానికీ డిపోలో ‘బైపోలార్’ అన్న మాట వినబడాల్సిన పని లేదు. తొమ్మిదింటికి ముందు డ్యూటీ వేయవద్దు, నీళ్లకూ మూత్ర విసర్జనకూ వీలు కల్పించండి, ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూస్తాం అని డాక్టరు రాసిస్తే చాలు. మధుమేహానికీ ఇలాగే రాయొచ్చు, కిడ్నీలో రాళ్లకూ ఇలాగే రాయొచ్చు. చార్టు రాసేవాళ్లకు అంతకు మించి తెలియనక్కర్లేదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018లో అమల్లోకి వచ్చింది. రోగి వివరాలు గుట్టుగా ఉంచాలని ఆ చట్టం వైద్యులకు చెప్పింది. డిపోలో, బడిలో, బ్యాంకులో మాత్రం గుట్టన్నది ఆ కుర్చీలో కూర్చున్న మనిషి స్వభావం మీదే ఆధారపడి నడుస్తోంది.

మందు పనిచేసే లోపే సెలవు అయిపోతుంది

డిప్రెషన్ సంగతి ఇంకో రకం. దాని మందులు పారాసెటమాల్ లాంటివి కావు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొదటి వారంలో గుణం బదులు వికారం, తలనొప్పి, కంగారు కనబడతాయి. మనవాళ్లేమో మహా అయితే పది రోజులు సిక్ లీవు పెడతారు. అంటే మందు పట్టుకునే లోపే, మనిషి అన్నిటికంటే బలహీనంగా ఉన్న రోజునే, మళ్లీ సీట్లో కూర్చుంటున్నాడు. అప్పుడు ఒక ఫైలు మీద రెండు రోజులు నిర్ణయం తీసుకోలేకపోతాడు. లెక్క మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వస్తాయి. ఫోను మోగితే గుండె దడ. పైవాళ్లకు అది బద్ధకంలా కనబడుతుంది. రెస్టు తీసుకుని వచ్చాడు కదా, ఇంకేం కావాలి అంటారు.

సెలవు పొడిగించుకోవచ్చు కదా అంటారా? ప్రభుత్వోద్యోగులకు దారి ఉంది కూడా. క్షయ, కుష్ఠు, క్యాన్సర్, గుండె, మూత్రపిండాల జబ్బుల వరసలో మానసిక వ్యాధినీ చేర్చి, అర్ధ వేతన సెలవును జీతం అంతగా తెగకుండా వాడుకునే వెసులుబాటు ఉమ్మడి రాష్ట్రం నాటి సెలవు ఉత్తర్వుల్లోనే ఉంది. డెబ్బైల నుంచీ ఉన్న మాట ఇది. టీచర్ల సంఘాల డైరీల్లో ఆ వరస అచ్చవుతూనే ఉంటుంది. గుండె జబ్బు వాళ్లు వాడుకుంటారు, క్యాన్సర్ వాళ్లు వాడుకుంటారు. ఈ ఒక్క జబ్బు దగ్గర మాత్రం చెయ్యాడదు. ఎందుకంటే ఆ సెలవు కావాలంటే జబ్బు పేరు రాయాలి, ఆ కాగితం నాలుగు సీట్లు దాటాలి. చట్టం తలుపు తీసిపెట్టింది గానీ ఆ తలుపు బజారు నడిబొడ్డున ఉంది.

తిరిగొచ్చిన మనిషికి మొదటి రెండు వారాలు సగం పని ఇచ్చి, చెప్పే పనిని నోటితో గాక కాగితం మీద రాసిచ్చి, రోజుకు ఒక్కసారి మాత్రం ఎలా సాగుతుందని అడిగితే చాలావరకు గాడిలో పడతాడు. దీనికి ఖర్చు లేదు. పొద్దున ఆరింటికే ఫొటో పెట్టమని వాట్సాప్ గ్రూపు మోగే పంచాయతీ కార్యదర్శికైతే, రాత్రి తొమ్మిది తర్వాత ఆ గ్రూపు నోరు మూయించడమే సగం వైద్యం.

కోర్టు ఏమన్నది

సీఆర్‌పీఎఫ్‌లో రవీందర్ కుమార్ ధరీవాల్ అనే అధికారి ఉండేవారు. 2001లో చేరారు. తర్వాత ఆయనకు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, దానితో పాటు డిప్రెషన్ ఉన్నట్టు తేలింది. చంపడం, చావడం అన్న ఆలోచనలు తనను వదలడం లేదని అన్నారని ఆయన మీద ఫిర్యాదు వచ్చింది, క్రమశిక్షణ విచారణలు నడిచాయి. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2021 డిసెంబరు 17న తీర్పు వచ్చింది. మానసిక వైకల్యం ఉన్న మనిషి ప్రవర్తనలో కనబడే తేడా ఆ జబ్బు నుంచే వచ్చినప్పుడు, దాన్ని పట్టుకుని క్రమశిక్షణ చర్యలకు దిగడం కూడా పరోక్ష వివక్ష కిందికే వస్తుందని జస్టిస్ చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం తేల్చింది. ఆయనకు వేరే పని అప్పజెప్పాల్సి వస్తే జీతభత్యాలు తగ్గకూడదంది. ఆ కొత్త పనిలో తుపాకులు లేకుండా చూసుకునే స్వేచ్ఛ మాత్రం అధికారులకు ఇచ్చింది. భద్రతా ఉద్యోగమైనా, తుపాకీ పక్కనబెట్టి మనిషిని ఉంచుకోమంది.

దీని వెనకున్నది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అది గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక వ్యాధి ఒకటి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థలు తీసేయకూడదు, స్థాయి దించకూడదు. ఉన్న పోస్టు చేయలేకపోతే అదే జీతంతో ఇంకో పోస్టుకు మార్చాలి. అదీ లేకపోతే ఖాళీ వచ్చేదాకా, లేదా రిటైరయ్యేదాకా, అదనపు పోస్టు సృష్టించి అయినా ఉంచుకోవాలి. 20వ సెక్షన్ చెప్పేది ఇదే. మన ఆర్టీసీ కేసే ఒకటి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టులో తేలింది. రంగులు గుర్తుపట్టలేడని వైద్య కారణంతో ఇంటికి పంపిన డ్రైవరుకు వేరే ఉద్యోగం చూపాల్సిందేనని కోర్టు చెప్పింది. అది కంటి సంగతి, నిజమే. కానీ వేరే పని వెతికి చూపే భారం సంస్థదేనన్న సూత్రం కంటితో ఆగిపోయేది కాదు.

అయితే ఇక్కడ మన సొంత చిక్కు ఒకటుంది, కోర్టు తీర్పుల్లో కనబడనిది. మెడికల్ ఇన్వాలిడేషన్. ఉద్యోగి పనికి రాడని బోర్డు తేలిస్తే, నిబంధనలకు లోబడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చే ఆశ ఉంటుంది. సింగరేణిలో ఈ డిపెండెంట్ ఉద్యోగాల ముచ్చట తెలియని ఇల్లు లేదు. దాంతో నలభై ఐదేళ్ల తండ్రికి స్కిజోఫ్రీనియా వచ్చిందంటే, మందుల కంటే ముందు ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. కొడుకు డిగ్రీ అయిపోయింది, ఖాళీగా ఉన్నాడు, బాపు ఎలాగూ చేయలేకపోతున్నాడు అని. ఇంటివాళ్లను తప్పుబట్టలేం, ఉద్యోగాలు అంత కరువు. ఆఫీసుకూ అదే నయమనిపిస్తుంది. సర్దుబాటు చేసే తలనొప్పి పోతుంది కదా. అందరికీ లాభమైన ఈ ఏర్పాటులో, పొద్దున లేచి చొక్కా వేసుకుని పోవడానికి ఒక చోటు కోల్పోయేవాడు ఆ తండ్రి ఒక్కడే. స్కిజోఫ్రీనియా వాళ్లకు చేతిలో పని ఉండటం ఎంత అవసరమో మానసిక వైద్యులు చెబుతూనే ఉంటారు.

వైకల్య సర్టిఫికెట్ల దగ్గర ఇంకో విడ్డూరం. మానసిక వైకల్యాన్ని ఐడియాస్ అనే కొలతతో లెక్కగడతారు. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట అర్థం చేసుకుని చెప్పగలగడం, ఉద్యోగం లేదా పని, వీటికి మార్కులు వేసి, జబ్బు ఎన్నాళ్లుగా ఉందో కలుపుతారు. 40 శాతం, అంతకు మించి ఉంటేనే రిజర్వేషన్ల లాంటివి వర్తిస్తాయి. ఎవరైతే పంటి బిగువున ఉద్యోగం నెట్టుకొస్తున్నారో, వాళ్లకు పని దగ్గర వైకల్యం మార్కులు తగ్గుతాయి, శాతం పడిపోతుంది. నిలబడ్డందుకు శిక్ష అన్నమాట. ఒక ఊరట ఏమిటంటే, పనిచోట సర్దుబాటు అడగడానికి ఆ 40 శాతం గీత అక్కర్లేదు. ఈ తేడా తెలియక ‘సదరం సర్టిఫికెట్ ఉందా?’ అని మొదటి మాటతోనే నోరు మూయించే ఆఫీసులున్నాయి.

మరి మా మాటేమిటి?

పక్క సీటు వాళ్ల ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆమెకు పొద్దుటి డ్యూటీ తీసేస్తే అది ఎవరికో ఒకరికి పడుతుంది. ఆ ఎవరో ఒకరికి కూడా చిన్న పిల్లలుంటారు. డ్రైవరుకు కొత్తగా మత్తు మాత్రలు మొదలైతే స్టీరింగు ఇవ్వాలా వద్దా అన్నది ప్రయాణికుల ప్రాణాల సంగతి. అక్కడ కొన్నాళ్లు బస్సు దించి వేరే పని ఇవ్వడమే సరైనది. అడిగినవన్నీ ఇవ్వాలని చట్టం కూడా చెప్పదు. సంస్థ మీద మోయలేని భారం పడనంత వరకే.

కానీ లైట్ డ్యూటీ మనకు కొత్తా? స్టెంట్ వేయించుకుని వచ్చిన డ్రైవరుకు ఆర్నెల్లు డిపోలో కూర్చునే పని ఇస్తే ఒక్కరూ గొణగరు. పైగా ఇంటికెళ్లి చూసొస్తారు, పండ్లు పట్టుకెళతారు. బైపాస్ అయిన హెడ్మాస్టరును మెట్లెక్కనివ్వరు. అదే లైట్ డ్యూటీ డిప్రెషన్ మనిషికిస్తే ‘నాటకాలు’ అంటారు. తోటివాళ్ల పని పెరగడం మీద కోపమే అయితే స్టెంట్ దగ్గర కూడా రావాలి. రావడం లేదంటే కోపం వేరేదాని మీద ఉన్నట్టు.

ఆత్మహత్యకు ప్రయత్నించి బతికి, మళ్లీ పనికి వచ్చిన ఉద్యోగి దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, ఆదుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వానిదనీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. శిక్షించే పాత 309 సెక్షన్ 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో లేదు. ఇంకా స్టాఫ్ రూములో ‘కేసు అయిందట కదా’ అనే మాటే తిరుగుతుంటుంది. వచ్చిన మొదటి రోజు మనసారా అడగాల్సిన ప్రశ్న ‘ఎందుకు చేసినవ్?’ కాదు. ‘అన్నం తిన్నవా? ఇయాల ఏ క్లాసులు నేను తీసుకోవాలె?’ అన్నది చాలు.

సెలవు లేనివాళ్లు

సిద్దిపేట జిల్లాలో పనిచేసేవాళ్లందరికీ డ్యూటీ చార్టు ఉండదు. సిద్దిపేట, దుబ్బాక చుట్టుపక్కల బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. వాళ్లకు పని వెయ్యి బీడీల లెక్క. ఒడిలో చాట, తడిపిన తునికాకు, కత్తెర, తంబాకు, దారం. డిప్రెషన్ వచ్చిన మనిషి చేతులు నెమ్మదిస్తాయి, ఆకు వంకర తెగుతుంది, చుట్టినవాటిలో కొన్నింటిని నాసిరకమని తీసేస్తారు. ఆమెను ఎవరూ ఉద్యోగంలోంచి తీసేయరు. కూలి దానంతటదే సగమవుతుంది.

ఆలోచిస్తే చిత్రంగా ఉంటుంది. కుర్చీ ఉద్యోగికి సెలవుంది, వేళల్లో వెసులుబాటు లేదు. బీడీలమ్మకు వేళల్లో కావలసినంత వెసులుబాటు ఉంది. పొద్దున లేవలేకపోతే మధ్యాహ్నం చుట్టుకోవచ్చు, మత్తు దిగాక కూర్చోవచ్చు, వాకిట్లో నలుగురితో కలిసి ముచ్చట చెప్పుకుంటూ చేయొచ్చు. ఆమెకు లేనిది సెలవు. ఈ ఇద్దరిలో ఎవరి జబ్బు త్వరగా నయమవుతుందో చెప్పడం తేలిక కాదు. వాకిట్లో కూర్చునే ఆ గుంపు పెద్ద మందు, జీతం లేని రోజు పెద్ద విషం.

చేనేత దగ్గర ఇంకో చిక్కు. గొల్లభామ చీర సిద్దిపేటకు భౌగోళిక గుర్తింపు తెచ్చిన నేత. నెత్తిన చల్ల కుండతో ఉన్న ఆ బొమ్మ దించాలంటే పోగు పోగు వేళ్లతో ఎత్తి అడ్డపోగు తిప్పాలి. కొన్ని మానసిక వ్యాధుల మందులకు చేతులు వణుకుతాయి, కండరాలు బిగుసుకుంటాయి. గుమాస్తాకు అది చిన్న ఇబ్బంది, నేతన్నకు అది బతుకు తెరువుకే దెబ్బ. వణుకు తక్కువ తెచ్చే మందులూ ఉన్నాయి, మోతాదు సర్దే వీలూ ఉంది. కానీ అవతలి మనిషి మగ్గం మీద కూర్చుంటాడని డాక్టరుకు తెలిస్తేనే కదా. ఓపీ చీటీ మీద వయసు రాస్తారు, ఊరు రాస్తారు, బరువు కూడా రాస్తారు. చేసే పని రాసే గడి ఉంటే ఎన్ని మందులు మధ్యలో ఆగకుండా ఉండేవో.

ముందు ఉద్యోగం, తర్వాత తర్ఫీదు

పూర్తిగా నయమయ్యాక పనికి పంపుదాం అన్నది మన ఇళ్లలో మాట. ప్రపంచం ఈ విషయంలో తలకిందులుగా ఆలోచించడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. అమెరికాలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ అనే ఇద్దరు తొంభైల్లో ఒక పద్ధతి రూపొందించారు. స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన జబ్బులున్నవాళ్లను బుట్టలల్లే కేంద్రాల్లో ఏళ్లకేళ్లు తర్ఫీదు పేరుతో కూర్చోబెట్టకుండా, వాళ్లకు ఇష్టమైన మామూలు ఉద్యోగం ముందే వెతికిపెట్టి, చేరాక పక్కన నిలబడి సాయం చేయడం. యూరప్‌లో ఆరు నగరాల్లో 312 మంది మీద దీన్ని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఈ పద్ధతిలో 55 శాతం మంది ఉద్యోగం సంపాదించారు. పాత తర్ఫీదు పద్ధతిలో 28 శాతం. జబ్బు ముదురుతుందేమోనన్న భయమూ నిజం కాలేదు.

ఇందులో కీలకం ఆ పక్కన నిలబడే మనిషి. డాక్టరుతోనూ మాట్లాడతాడు, యజమానితోనూ మాట్లాడతాడు. సిద్దిపేటలో అలాంటి పదవి ఏ శాఖలోనూ కనబడదు. 2023 జూన్‌లో ఐటీ టవర్ తెరిచారు, బట్టల మాళ్లు వచ్చాయి, ప్రైవేటు ఆసుపత్రులు వీధికొకటి వచ్చాయి. వీటిలో పనిచేసే పిల్లలకు ఆ మనిషి అవసరం ప్రభుత్వోద్యోగుల కంటే ఎక్కువ. ఎందుకంటే ఉద్యోగం ఊడకుండా కాపాడే 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు వాళ్లకు మిగిలింది 21వ సెక్షన్. ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఒకటి రాతపూర్వకంగా ఉండాలి. 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలైతే ఏయే సదుపాయాలు ఇస్తారో, ఏయే ఉద్యోగాలు తగినవో, ఈ వ్యవహారం చూసే అధికారి ఎవరో అందులో చెప్పాలి. ఆ కాగితాన్ని వెబ్‌సైట్లోనో, గోడ మీదో అందరికీ కనబడేలా పెట్టాలి. పండుగ సీజన్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలువు కాళ్ల మీద చీరలు పరిచే అమ్మాయిలున్న ఎన్ని మాళ్ల గోడల మీద ఆ కాగితం ఉందో, ఈసారి చీర కొనడానికి వెళ్లినప్పుడు చూడండి. లేకపోతే మేనేజరును అడగండి. కొనేవాళ్లు అడిగితే వినేంతగా, పనిచేసేవాళ్లు అడిగితే వినరు.

విధానం రాయడం తెలియదనే యజమానికి మొదలుపెట్టడానికి రెండు వాక్యాలు చాలు. డాక్టరు రాసిన పని సర్దుబాటును జబ్బు పేరు అడగకుండా ఆర్నెల్లు అమలు చేస్తాం. ఆ కాగితం ఫలానా ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఏం మార్చాలో తోచకపోతే టెలి మానస్ ఫోను సాయం ఉంది, 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రింబవళ్లు తెలుగులో పలుకుతుంది, డబ్బులు పడవు. బాధలో ఉన్నవాళ్లే చేయాలని లేదు. మా దగ్గర ఒక మనిషి ఇలా ఉన్నారు, మేమేం చేయాలి అని డిపో మేనేజరూ అడగొచ్చు, హెడ్మాస్టరూ అడగొచ్చు, బట్టల కొట్టు సేటూ అడగొచ్చు. పేరు చెప్పకుండానే.